శిశు వికాస మాపనులు

పసిపిల్లల కదలిక, మాట, తెలివి, నడవడి వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నాయో లేదో చూసే పరీక్షలు, ప్రశ్నావళులే శిశు వికాస మాపనులు. ఒక పనికి చేసిన మాపనిని మరో పనికి వాడుకోవడం వీటి చరిత్రలో మొదటినుంచీ ఉన్న జబ్బు.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సీమోన్ 30 అంశాల పరీక్ష రూపొందించారు. బడిలో ప్రత్యేక బోధన ఎవరికి కావాలో తేల్చడం వరకే దాని పని. అట్లాంటిక్ దాటేసరికి అదే పరీక్ష పుట్టుకతో వచ్చిన తెలివికి కొలబద్దయి కూర్చుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ ఏ నెలకు ఏ పని చేయాలో పట్టికలు వేశాడు గానీ, ఆయన చూసింది ఎక్కువగా ఆ విశ్వవిద్యాలయం ఉన్న న్యూ హేవెన్ మధ్యతరగతి పిల్లల్నే.

బర్క్‌లీలో నాన్సీ బేలీ 1928లో మొదలైన అధ్యయనంలో 61 మంది శిశువులను ఏళ్ల తరబడి పరీక్షించింది. తొలి ఏడాది మార్కులకూ, పెద్దయ్యాక వచ్చే ఐక్యూకూ దాదాపు పొంతనే లేదని తేలింది. తన కొలత పరిమితిని తానే బయటపెట్టిన ఈ నిజాయితీ ఈ రంగంలో అరుదు. 1969లో వచ్చిన బేలీ స్కేల్స్‌లో దారానికి కట్టిన ఎర్ర రింగును బిడ్డ కళ్లముందు ఆడిస్తారు, అంగుళం ఘనాలను పేర్చమంటారు. నెలలు నిండక పుట్టిన బిడ్డకైతే ముందుగా వచ్చిన వారాలను వయసులోంచి తీసేసి మార్కులు వేయాలి. 2006 నాటి మూడో కూర్పు ఎదుగుదలలో ఆలస్యాన్ని తక్కువచేసి చూపుతోందని ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు. పేరు ఒకటే కదా అని రెండు కూర్పుల మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు.

బేలీ పరీక్షకు ప్రమీలా ఫాటక్ 1970లో బరోడా పిల్లలతో భారతీయ ప్రమాణాలు కట్టారు. వాటిలోంచి 17 అంశాలు ఏరి, 1991లో వేరే పరిశోధకులు తిరువనంతపురం చార్టు తెచ్చారు. చార్టు మీద బిడ్డ వయసు దగ్గర పెన్సిల్‌ను నిలువుగా పెట్టి, దానికి ఎడమపక్కనే గీత ముగిసిన అంశాల్లో ఏదైనా రాకపోతే నిపుణుల దగ్గరికి పంపుతారు. అయిదారు నిమిషాల పని. సామాన్య శిక్షణ ఉన్న కార్యకర్తలు చేసేయగలరు. కాని ఇది జల్లెడే, రోగనిర్ధారణ కాదు. డెన్వర్ అనే మరో శిశు వికాస పరీక్షతో సరిచూసినప్పుడు, ఆలస్యం ఉన్న పిల్లల్లో మూడోవంతు మంది దీని కంట పడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల కదలికల లెక్కలు ప్రకటించింది. ఆసరా లేకుండా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటేవరకూ ఎప్పుడైనా రావచ్చు. చేతులు, మోకాళ్లమీద పాకకుండానే నడక అందుకున్న పిల్లలు 4.3 శాతం. పాకడాన్ని తప్పనిసరి మెట్టుగా పెట్టుకున్న మాపని ఏదైనా వీళ్లను వెనకబడ్డవాళ్లలో చేర్చేస్తుంది.