కాల్యుమెట్‌లో మిగిలిన గుమ్మం

మిషిగన్ అంటే మనోళ్ళకి డెట్రాయిట్, కార్ల కంపెనీలు. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 550 మైళ్ళు పోతే సుపీరియర్ సరస్సులోకి వేలు చాపినట్టు కీవినా ద్వీపకల్పం ఉంటుంది. గుట్టలు, చెరువులు, ఎర్ర రాతి మేడలున్న పాత ఊళ్ళు. హాంకాక్‌లో వీధి పేర్లు ఫిన్నిష్‌లో కూడా రాసుంటాయి. చూస్తే యూరప్ అనిపిస్తుంది. ఆ యూరప్‌ని ఇక్కడికి మోసుకొచ్చింది మనలాంటి వలస కూలీలే.

1842 ఒప్పందంతో ఒజిబ్వే ప్రజల చేతిలోంచి ఈ నేల పోయింది. రాగి గనులు మొదలయ్యాయి. గని పని తెలిసిన కార్న్‌వాల్ వాళ్ళు ముందొచ్చారు. తర్వాత ఫిన్లాండ్, ఇటలీ, క్రొయేషియా, స్లొవేనియా వాళ్ళు. ఆలస్యంగా వచ్చినోళ్ళకి దక్కింది రాయి నింపిన బళ్ళు చేతుల్తో తోసే పని. సింగరేణిలో టబ్బులు తోసిన పెద్దోళ్ళున్న ఇళ్ళల్లో ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. చాలామంది ఇళ్ళు కంపెనీవే. పని పోతే ఇల్లు కూడా పోయేది. వీసా కంపెనీ చేతిలో ఉన్న మనకి ఈ భయం కొత్త కాదు.

అంతకుముందు ఇద్దరు కలిసి నడిపే డ్రిల్లు స్థానంలో ఒక్కడే నడిపేది తెచ్చారు. చీకట్లో రాయి మీద పడితే కేక వేయడానికి కూడా పక్కన మనిషుండడు. 1913 జులై 23న సమ్మె మొదలైంది. రోజుకి 8 గంటల పని, 3 డాలర్ల కూలి, యూనియన్‌కి గుర్తింపు అడిగారు. స్లొవేనియా వాళ్ళ ఆడపడుచు ఆనీ క్లెమెంక్ పెద్ద అమెరికా జెండా పట్టుకుని ఊరేగింపుల ముందు నడిచేది.

ఆ డిసెంబర్ 24న కాల్యుమెట్ ఇటాలియన్ హాల్లో సమ్మె కార్మికుల పిల్లలకి క్రిస్మస్ పండగ చేశారు. ఎవరో "మంటలు!" అని అరిచారు. మంటల్లేవు. జనం మెట్ల మీదికి పరుగెత్తి ఒకరిమీద ఒకరు పడ్డారు. 73 మంది చనిపోయారు. అందులో 59 మంది పిల్లలు. ఎక్కువ ఫిన్లాండ్ కుటుంబాలవాళ్ళే.

విచారణ జరిగింది. ఇంగ్లీషు సరిగా రాని సాక్షుల్ని కూడా ఇంగ్లీషులోనే చెప్పమన్నారు. బిడ్డని పోగొట్టుకున్న మనిషి, రాని భాషలో ఎంతని చెప్తాడు? అరిచిందెవరో ఈ రోజుకీ తేలలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

1914 ఏప్రిల్‌లో సమ్మె ఓడిపోయింది. ఒంటిమనిషి డ్రిల్లు ఉండిపోయింది. కొందరు యూనియన్ కార్డు అప్పజెప్పి గనిలోకి దిగారు, కొందరు ఊరొదిలి డెట్రాయిట్ ఫ్యాక్టరీల దారి పట్టారు. 1984లో ఆ హాలు కూలగొట్టారు. వంపు తిరిగిన గుమ్మం ఒక్కటే నిలబెట్టి ఉంచారు. 1992లో ఈ ప్రాంతం జాతీయ చారిత్రక పార్కు అయింది.

సెలవు దొరికితే ఆ సరస్సులూ గుట్టలూ చూడండి, ఆ గుమ్మం దగ్గర కాసేపు నిలబడండి. ఇంకో మాట. మనలో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. కానీ దెబ్బ తగిలినప్పుడు, పోలీసు ఎదురుగా ఉన్నప్పుడు సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. ఆసుపత్రిలో అయినా కోర్టులో అయినా "తెలుగు దుబాసీ కావాలి" అని అడగండి. సిగ్గు పడొద్దు. ఆ తల్లిదండ్రులకి దక్కనిది అదే.