ఖాకీ మడత - చాకిరేవు

పండుగనాడు కవాతు చూచునపుడు మన దృష్టి గుండీల మెరుపుమీదను, అడుగుల పొందికమీదను నిలుచును. చొక్కా మడత కత్తివాదరవలె ఉన్నదని మెచ్చుకొందుము. ఆ మడతను నిలిపిన చేతులను మాత్రము తలపము. ఆ చేతుల చరిత్రను నేడు చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమునుండి చూతము.

మొయినాబాదునకు ఒకవంక మూసీపై 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరము, మరియొకవంక ఈసీ నదిపై 1927లో ముగిసిన హిమాయత్ సాగరము ఉన్నవి. 1908 సెప్టెంబరు వరదలో హైదరాబాదు నగరము పాడైన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన రక్షణోపాయముల ఫలమే యివి. ఈ జలాశయములకు ఎంతో పూర్వమునుండియే ఇచ్చటి వాగులవెంట, చెరువుగట్లవెంట చాకిరేవు లుండెడివి. తూర్పున 1806లో సికిందరాబాదు దండు వెలసినది. దండున్నచోట సైనికదుస్తులుండును, దుస్తులున్నచోట వాటిని ఉతుకువారును ఉండవలెను గదా!

తొలినాళ్ళలో సిపాయిలు ఎర్రచొక్కాలు, తెల్లలాగులు తొడిగెడివారు. పారసీక భాషలో ‘ఖాక్’ అనగా దుమ్ము. 1846లో పెషావరున గైడ్సు దళము నేర్పరచిన హారీ లమ్స్‌డెన్, తన సిపాయిలకు ఈ మట్టిరంగు దుస్తులను అలవాటు చేసెను. 1857 తిరుగుబాటు కాలమున మరికొన్ని దళములు తమ తెల్లబట్టలకు మట్టి, సిరా, తేయాకు కషాయము పట్టించి రంగు మార్చుకొనినవి. అయితే ఉతికినకొలది ఆ రంగు వెలిసెడిది. పదిమంది వరుసలో నిలిచిన పది రంగులు కనబడెడివి. 1884లో ఇనుము, క్రోమియం లవణములతో ఎండకును, సబ్బునకును నిలుచు ఖాకీ రంగునకు ఇంగ్లండులో హక్కుపత్రము లభించినది. 1902 నాటికి బ్రిటిషు సేన స్వదేశమందు సైతము ఖాకీనే స్వీకరించినది.

రంగు నిలిచినంత మాత్రమున పని తీరలేదు. మన రజకుల విద్య ఇచ్చటనే తెలియును. చౌడుమన్ను కలిపి తేర్చిన నీటిలో నూలుబట్టలను నానవైచి, బానపై పేర్చి రాత్రియంతయు ఆవిరి పట్టింతురు. దీనినే ‘ఉబ్బ’ యందురు. చౌడులోని సోడా జిడ్డును విడదీయును; ఆవిరి దానిని పోగుపోగునకును చేర్చును. తెల్లవారిన పిదప బండపై ఉతికి, గంజి పెట్టి, ఆరవైచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత దీర్తురు. ఎవరి బట్ట ఎవరిదో తెలియుటకు నల్లజీడి రసముతో మూలను గుర్తు పెట్టెదరు. ఎన్ని ఉతుకులకైనను ఆ గుర్తు చెరగదు.

ఉన్నికి ఈ పద్ధతి పనికిరాదు. చౌడు ఉన్నిని తినివేయును; వేడినీట రుద్దినచో ఉన్ని కుదించుకొని గట్టిపడును. కావున సైనికుని ఉన్నికోటును, కాళ్ళకు చుట్టుకొను పట్టీలను చన్నీటిలో కుంకుడు నురుగుతో మెల్లగా పిసుకవలెను. ఇత్తడి గుండీలను విప్పక తడిపినచో చిలుము మరక పడును. ఇవి యే పాఠశాలలోను నేర్పిన సంగతులు కావు.

ఇంతటి నేర్పునకు దక్కిన ప్రతిఫలమేమి? నిజాము రాజ్యపు పల్లెలలో అధికారి మకాము దిగినచో, చాకలి కుటుంబము అతని బట్టలు ఉతికి, మకాములో ఊడిగము చేయవలసి యుండెను. దానికి కూలి లేదు. దాని పేరే వెట్టి. 1921లో వెలసిన ఆంధ్ర జనసంఘము ఈ దురాచారమును ఎదిరించి ప్రచారము చేసినది. మొయినాబాదు సమీపమునగల పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి, 1936లో షాద్‌నగరున ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా ఆయన పేరనే నిలిచినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల కీయక నిలిచి, రేవు బండపై రాటుదేలిన చేతుల సత్తువను లోకమునకు చూపినది. హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. వెట్టిని దేశమంతట నిషేధించు చట్టము 1976లో వచ్చినది.

నేడు పెక్కు ఇండ్లలో ఉతికెడి యంత్రములున్నవి. అయినను పిల్లల ఎన్.సి.సి. ఖాకీ దుస్తులను గూర్చి పాతమాటయే చెల్లును: గుండీలు, బిళ్ళలు ముందు తీయుడు, తిరగవైచి నీడలో ఆరవేయుడు, నెలలతరబడి పెట్టెలో ఉంచదలచినచో గంజి పెట్టకుడు, గంజికి పురుగు చేరును. ఇస్త్రీకి ఇచ్చిన బట్ట తిరిగివచ్చినపుడు, కూలి విషయమున బేరమాడుటకు ముందు, ఆ మడతను ఒకసారి చేతితో తడిమి చూడుడని శ్రోతలకు మా మనవి.