కొండనాలుకకి మందేస్తే... (మినహాయింపు దొరికిన సాల్వెంట్ల కథ)

మనది పొగగొట్టాల్లేని పరిశ్రమ అని చెప్పుకోవడం మనకో అలవాటు. కానీ మనం రాసే కోడు నడవాలంటే ఓ చిప్పు, దాన్ని మోసే సర్క్యూట్ బోర్డు కావాలి కదా. ఆ బోర్డు మీద టంకం వేశాక మిగిలే ఫ్లక్స్ జిడ్డుని కడగడానికి దశాబ్దాల పాటు ఏం వాడారో చదువుతుంటే ఓ విచిత్రం కనబడింది. ఓజోన్ తగ్గించడానికి రాసిన నిబంధనే, ఓజోన్ పొరకి చిల్లు పెట్టే రసాయనాలకి దారి ఇచ్చింది! అదెలాగో చెప్తాను. కాస్త కెమిస్ట్రీ ఉంటుంది, భయపడకండి.

కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. 1943 వేసవిలో ఓ రోజు ఊరంతా పొగ కమ్మేసింది. కళ్ళు మండిపోయాయి. అసలే యుద్ధకాలం, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కూడా కొందరు హడలిపోయారు. ఆ పొగ సంగతి తేల్చినవాడు హాగెన్-స్మిట్ అనే డచ్చి శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన దేనివల్ల వస్తుందో పరిశోధించుకుంటున్న మనిషి! ఆ పనిముట్లతోనే ఊరి గాలిని పరీక్షించి, 1950ల మొదట్లో తేల్చిందేమిటంటే - కార్లూ, రిఫైనరీలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారుచేస్తున్నాయని. చమురు కంపెనీలు డబ్బిచ్చి చేయించిన పరిశోధనలు మొదట్లో దీన్ని కొట్టిపారేశాయి. చివరికి ఆయన మాటే నిలిచింది.

ఇక్కడ ఓ మాట గుర్తుపెట్టుకోవాలి. ఓజోన్ ఒకటే గానీ, దాని స్థానాన్ని బట్టి మంచీ చెడూ. నేల దగ్గరుంటే ఊపిరితిత్తులకి చేటు. పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటే అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే గొడుగు. కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

కార్లు, రిఫైనరీల తర్వాత పెయింట్లు, డ్రైక్లీనింగు, లోహపు భాగాల జిడ్డు వదిలించే సాల్వెంట్ల వంతు వచ్చింది. 1966లో లాస్ ఏంజెలెస్ కౌంటీ 'రూల్ 66' అని ఒకటి తెచ్చింది. సాల్వెంట్లన్నీ ఒకటి కాదు, ఎండలో చురుగ్గా చర్య జరిపేవాటిని తగ్గించి, నెమ్మదైనవి వాడుకోండి అన్నది దాని సారాంశం. టొలుయిన్, ట్రైక్లోరోఎథిలీన్ లాంటివాటికి పరిమితులు పెట్టారు. బెంజీన్ మాత్రం ఆ చురుకైన వాటి జాబితాలో లేదు, ఎందుకంటే అది అంత చురుగ్గా ఓజోన్ పుట్టించదు. అది రక్తాన్ని పాడుచేస్తుందన్న సంగతి వైద్యులకి అప్పటికే తెలుసు. కానీ రూలు అడిగిన ప్రశ్న అది కాదుగా!

1977 జులైలో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ దేశం మొత్తానికి ఓ విధానం ప్రకటించింది. ఈసారి వాళ్ళు రూల్ 66 లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. నెమ్మదిగా చర్య జరిపేవి ఈ ఊళ్ళో ఓజోన్ చెయ్యకపోయినా, గాలివాటున పోయి రెండ్రోజుల తర్వాత ఇంకో ఊళ్ళో చేస్తాయి. కాబట్టి దాదాపు అన్నిటినీ అదుపు చెయ్యాల్సిందే అన్నారు. కానీ నాలుగింటికి మినహాయింపు ఇచ్చారు: మీథేన్, ఈథేన్, 1,1,1-ట్రైక్లోరోఈథేన్ (టీసీఏ అందాం), ఇంకా సీఎఫ్‌సీ-113. ఆ తర్వాతి కాలంలో ఈథేనే గీటురాయి అయింది. ఈథేన్ కన్నా చురుకు తక్కువని నిరూపించుకుంటే జాబితాలో చోటు.

కంపెనీలకి ఇంకేం కావాలి? టీసీఏ, సీఎఫ్‌సీ-113 రెండూ జిడ్డుని బాగా వదిలిస్తాయి, తేలిగ్గా అంటుకోవు, చిటికెలో ఆరిపోతాయి, పైగా లెక్కల్లోకి రావు. ఎలక్ట్రానిక్స్ వాళ్ళకయితే సీఎఫ్‌సీ-113 వరప్రసాదమే.

ఇప్పుడు అసలు మెలిక. ఒక రసాయనం కింద చర్య జరపదంటే అర్థమేమిటి? అది కింద నాశనం కాదని. నాశనం కాకపోతే మెల్లగా పైకి చేరుతుంది. అక్కడ తీక్షణమైన కిరణాలకి విరిగి క్లోరిన్ వదులుతుంది. ఆ క్లోరిన్ ఓజోన్ పొరని తినేస్తుంది. సీఎఫ్‌సీ-113 వాతావరణంలో ఎనభై తొంభై ఏళ్ళు ఉంటుంది. అంటే ఏ గుణం చూసి మినహాయింపు ఇచ్చారో, సరిగ్గా ఆ గుణమే దాని దోషం. పోనీ తెలియక ఇచ్చారా అంటే, సీఎఫ్‌సీల గురించి మొలీనా, రోలాండ్‌ల పరిశోధనా పత్రం 1974లోనే వచ్చింది. (1995లో నోబెల్ కూడా వచ్చింది.)

పైన ఆకాశం సంగతి అలా ఉంచి, కింద నేల సంగతి చూద్దాం. 1981 చివర్లో శాన్‌హోసేలో ఫెయిర్‌చైల్డ్ చిప్పుల ఫ్యాక్టరీలో భూగర్భ ట్యాంకు కారి, టీసీఏ పక్కనే ఉన్న మంచినీటి బావిలోకి చేరిందని బయటపడింది. ఆ నీళ్ళు తాగిన పేట పేరు లాస్ పసేయోస్. ఆ పేటలో గర్భస్రావాలు, పుట్టుక లోపాలు ఎక్కువగా ఉన్నాయని 1985లో రాష్ట్ర ఆరోగ్యశాఖ అధ్యయనం చెప్పింది, కానీ కారణం ఆ నీళ్ళేనని తేల్చలేకపోయింది. గాలి శాఖ కళ్ళకి అదే రసాయనం నిరపాయకరం! ఒకరి డాష్‌బోర్డులో పచ్చలైటు, ఇంకొకరి బావిలో విషం.

1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. సీఎఫ్‌సీ-113 అందులో మొదటినుంచీ ఉంది, 1990లో లండన్‌లో టీసీఏనీ చేర్చారు. సంపన్న దేశాల్లో 1996 నుంచి రెండిటి ఉత్పత్తీ దాదాపుగా ఆగిపోయింది. ఇక బోర్డులు ఎలా కడగాలి? 1988లో ఏటీ అండ్ టీ, నారింజ తొక్కల్లో ఉండే టెర్పీన్లతో కడగొచ్చని చూపించింది. కొందరు నీళ్ళతో కడగడం మొదలెట్టారు. ఇంకొందరు కడగక్కర్లేని ఫ్లక్సే తయారుచేసుకున్నారు. ఈ మూడోది నాకు భలే నచ్చింది. సమస్యకి పరిష్కారం వెతకడం కాదు, సమస్యే లేకుండా చెయ్యడం. అన్నట్టు టెర్పీన్లు ఓజోన్ పొరకి మంచివే గానీ, కింద స్మాగ్ లెక్కలో చురుకైనవి. మళ్ళీ మొదటికి!

జాబితా మాత్రం పెరుగుతూనే వచ్చింది. 1994లో పీసీబీటీఎఫ్, 1995లో ఎసిటోన్, 1996లో డ్రైక్లీనింగులో వాడే పెర్‌క్లోరోఎథిలీన్ చేరాయి. ఎసిటోన్ దానికదిగా పెద్ద దోషి కాదు. కానీ కాలిఫోర్నియాలో క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు మానేసి, హెక్సేన్-ఎసిటోన్ కలిపిన డబ్బాలు వచ్చాయి. హెక్సేన్ నరాలని దెబ్బతీస్తుంది, పక్కన ఎసిటోన్ ఉంటే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. 1999-2000లో అక్కడి ఆటో మెకానిక్కులకి చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కి, బలం తగ్గిపోయిన కేసులు బయటపడ్డాయి. పెనం మీంచి పొయ్యిలో పడటం అంటే ఇదే. పీసీబీటీఎఫ్‌ని తర్వాత కాలిఫోర్నియా కాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పెర్‌క్లోరోఎథిలీన్ వాడకాలు చాలావాటిని ఆపేస్తూ 2024 డిసెంబర్‌లో ఈపీఏనే నిబంధన జారీ చేసింది.

దీన్నిబట్టి నిబంధనలే దండగ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. లాస్ ఏంజెలెస్ గాలి 1950లతో పోలిస్తే ఎంతో మెరుగు. టీసీఏ ఆపగానే వాతావరణంలో దాని మోతాదు 1990ల మొదట్లోని శిఖరం నుంచి చకచకా పడిపోయింది, దాని ఆయుష్షు ఐదేళ్ళే కాబట్టి. నా గొడవల్లా 'మినహాయింపు' అన్న మాటతోనే. 'ఇది ఓజోన్ పుట్టించదు' అన్న ఒక్క టెస్టు పాసయితే, దాన్ని 'ఇది మంచిది' అని జనం చదువుకున్నారు, కంపెనీలు అమ్ముకున్నాయి. ఒక్క టెస్ట్ కేసు పాసయిందని బిల్డుని ప్రొడక్షన్‌కి పంపితే మన మేనేజరు ఊరుకుంటాడా? గాలి, నీళ్ళు, పనివాడి ఒళ్ళు, పైన ఆకాశం - ఈ నాలుగిటినీ నాలుగు శాఖలు విడివిడిగా చూస్తే, నష్టం ఎప్పుడూ ఎవరూ చూడని వైపుకే జారుతుంది.

శాంటా క్లారా కౌంటీలో ఉన్న మనవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ ఆఫీసు చుట్టుపక్కల సూపర్‌ఫండ్ స్థలాలు ఎక్కడున్నాయో ఓసారి మ్యాపులో చూడండి. ఆ ఒక్క కౌంటీలోనే ఇరవైకి పైగా ఉన్నాయి, చాలావరకు చిప్పుల ఫ్యాక్టరీలు వదిలిపోయినవే. మనకి పొగగొట్టాలు లేవన్నది నిజమే. పారబోసిందంతా నేలలోకి దిగిపోయింది, అంతే.