కరీబు సముద్రపు దొంగలు

2003లో ఘనవిజయము నందిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' చిత్రమునకు రెండవ భాగము, 'డెడ్ మ్యాన్స్ చెస్ట్', 2006 జూలైలో అమెరికాలో విడుదలయ్యెను. ప్రపంచమంతట వంద కోట్ల డాలర్లకు మించి వసూలు చేసెను. విమర్శకులు మాత్రము ఏకాభిప్రాయమునకు రాలేదు. రెండున్నర గంటల నిడివి, చిక్కుపడిన కథ, ముగింపునకై మూడవ భాగము వచ్చువఱకు వేచియుండవలసివచ్చుట కొందఱికి విసుగు పుట్టించెను. డేవీ జోన్సుకు ఆక్టోపసు చేతుల వంటి గడ్డమును కల్పించిన పనితనమును మెచ్చనివారరుదు. ఆ పనికి ఆస్కారు లభించెను.

ఇవి వినోదమునకు సంబంధించిన వాదములు. వీనికంటె బరువైనదిగా మాకు తోచునది, 2005లోనే డొమినికా ద్వీపమున వినవచ్చిన అభ్యంతరము. అచ్చటి కలినాగో జాతిని ఐరోపావారు కరీబులనిరి. ఆ సముద్రమునకు పేరు వారి వలననే వచ్చినది. కొలంబసు నాటినుండి వారిపై నరమాంస భక్షకులను నింద యున్నది. ఇంగ్లీషున 'కానిబల్' అను మాటయు ఆ జాతి పేరునుండి పుట్టినదే! ఈ చిత్రమున ఒక కల్పితద్వీపవాసులు కథానాయకుని కాల్చి తినబోవుదురు. దానిని నాటి కరీబు నాయకుడు చార్లెస్ విలియమ్స్ గట్టిగా నిరసించెను. ఘట్టము అట్లే నిలిచెను. అయినను ఆ జాతివారు కొందఱు అందులో చిన్న వేషములు వేసిరి. ఇంటిముందుకు వచ్చిన పనిని వలదనుట అంత సులభమా?

2015లో డొమినికా ప్రభుత్వము 'కరీబు' అను మాటను విడిచి, వారి ప్రాంతమునకు కలినాగోల పేరే పెట్టెను.