ఆట లేని వేళ

మన నాటకరంగ చరిత్రలు తెర లేచిన దగ్గర మొదలై మంగళహారతి దగ్గర ఆగిపోతాయి. ఎవరు కృష్ణుడు కట్టారు, ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి, ఎవరికి ఏ ఊళ్ళో బంగారు పతకం తొడిగారు, ఇంతవరకే. ఆట లేని పూట ఆ కృష్ణుడు ఏ ఊళ్ళో, ఎవరి పంచన, ఏం చేస్తూ కూర్చున్నాడో ఎవరూ రాయరు. అసలు కథంతా అక్కడే ఉన్నదని మాకు అనిపిస్తుంది.

పద్యనాటకం ఒక విధంగా పాశ్చాత్యుల ఆపెరాకు దాయాది. కథ ఇద్దరికీ సాకు, గొంతు అసలు సరుకు. గాయకులు ఊళ్ళు పట్టుకు తిరగడం ఇద్దరికీ ఉన్నదే. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరా వారు చాలా ఏళ్ళపాటు వసంతకాలంలో దేశమంతా తిరిగి, ఫార్మింగ్టన్ హిల్స్‌కు అరగంట దూరాన ఉన్న డెట్రాయిటులో కూడా పాడి వెళ్ళేవారు. 1986తో ఆ సంచారం ఆగింది. ఆ బృందంతోనే 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిన కరూసో, ఏప్రిల్ 17 రాత్రి 'కార్మెన్'లో పాడి హోటలుకు వచ్చి పడుకుంటే, తెల్లవారేసరికి భూకంపం వచ్చి ఊరు కూలిపోయింది. ఆ గాయకుడికి ఇల్లు ఒక చోట, పాట ఒక చోట. మధ్యలో ఉన్నది హోటలు గది.

మన సురభి వారి పద్ధతి వేరు. వారు ఇంటిని వెంటబెట్టుకుని తిరిగారు.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారి కుటుంబం 'కీచకవధ' ఆడడంతో ఈ కథ మొదలయింది. అంతకు ముందు వారిది తోలుబొమ్మలాట. తెర వెనుక నిలబడి బొమ్మకు గొంతు ఇచ్చినవారు తెర ముందుకు వచ్చి తామే బొమ్మలయ్యారు. ఆనాడు తెలుగు దేశంలో తక్కిన సమాజాలన్నిటా ఆడవేషాలు మగవారివే. స్థానం నరసింహారావుగారంతటి వారు ఆ వేషాలతోనే రంగూన్ దాకా కీర్తి తెచ్చుకున్నారు. సురభిలో మాత్రం ఆడవేషాలు ఆడవారే వేశారు. దీన్ని పెద్ద సంస్కరణగా చెప్పేవారున్నారు. కాదనం గాని, మాకు తోచే కారణం ఇంకా మామూలుది. ద్రౌపది భర్త, మామగారు, మరది అందరూ అదే పందిట్లో ఉన్నారు. ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిందే లేదు. ఇల్లే నాటకానికి వచ్చింది.

ఆ డేరా జీవితం తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఒక ఊళ్ళో దిగితే నెలల తరబడి మకాం. రాత్రి పొద్దుపోయేదాకా ఆట, తరువాత నిద్ర. పగలు వంటలు, తెరలకు రంగులు, 'మాయాబజార్' మాయలకు కావలసిన తీగలు, కప్పీలు సరిచూసుకోవడం. ఆ పనుల మధ్యనే హార్మోనియం ముందు పిల్లలకు పద్యాలు. రిహార్సలు అని వేరే గంట కొట్టేదేమీ లేదు. చంటిబిడ్డ తెర పక్కన నిద్రపోతూ పద్యం వింటాడు, మాటలు వచ్చేసరికి లోహితాస్యుడవుతాడు, ఆపైన ప్రహ్లాదుడు, మీసం వస్తే హరిశ్చంద్రుడు. సురభి కమలాబాయిగారి తల్లికి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, తెర దించి రంగస్థలం మీదనే పురుడు పోశారని చెప్పుకుంటారు. డాక్టర్లమై ఉండీ ఆ పురుడు వినడానికి మాకు గుండె దడగానే ఉంటుంది.

ఆ కమలాబాయిగారే తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. 1932 ఫిబ్రవరి 6న విడుదలయిన ఆ చిత్రాన్ని బొంబాయిలో తీశారు. నాటకం నోటికి వచ్చిన సురభి వారు ఉన్నారు కనుకనే హెచ్.ఎం. రెడ్డిగారికి ఆ పని సులువయింది. ఆట లేని పూటల్లో చేసిన సాధన అంతా ఆ మైకు ముందు కలిసివచ్చింది.

సురభికి బయట ఈ సాధనకు నీడనిచ్చినవారూ లేకపోలేదు. మైలవరం రాజావారి పోషణలోని కంపెనీ నటులకు నెలజీతాలిచ్చేది. నెలజీతమంటే నాటకానికి ఇచ్చిన కూలి మాత్రమే కాదు, ఆట లేని రోజులకు కూడా అన్నం పెట్టడం.

టాకీలు వచ్చి సమాజాలు చితికిపోయాక కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కంట్రాక్టరు ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్క ప్రసిద్ధ నటుణ్ణి మాట్లాడుతాడు. కృష్ణుడు ఒక రైలు, అర్జునుడు ఒక రైలు. ఇద్దరూ కలుసుకునేది మేకప్పు గదిలో. పద్యాలు అందరికీ వచ్చినవే కనుక ఆట నడిచిపోతుంది. ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు, అంకానికొకరు. జనం పోటీ చూడడానికి వస్తారు. ఈలపాట రఘురామయ్యగారి వంటివారు ఆ పద్ధతిలో కూడా అద్భుతంగా పాడారు, అది వారి గొప్ప. కాని ఎదుటివాడి పద్యం వింటున్నప్పుడు ఏం చేయాలో నేర్పే చోటు పోయింది. రాగాలు సాగినకొద్దీ నాటకం చిక్కిపోయింది. రిహార్సళ్ళు పోవడమే పద్యనాటకాన్ని పడగొట్టిందని మా అభిప్రాయం. సినిమా ఒక్కదాన్నే తిడితే లాభం లేదు.

ఇక గొంతు సంగతి. మైకు లేని రోజుల్లో వేలమందికి వినబడేలా హెచ్చు శ్రుతిలో పాడాలి. తారస్థాయిలో నిలిచిన మగగొంతులో స్వరతంత్రులు సెకనుకు మూడు వందలసార్లకు పైగా ఒకదానినొకటి తాకుతాయి. రాత్రంతా అలా తాకితే వాస్తాయి, వాపు మీద మళ్ళీ పాడితే చిన్న కాయలు కడతాయి. మిరియాల కషాయం సుఖంగా ఉంటుంది గాని వాపు తీయదు. దానికి మందు నిద్ర, నీళ్ళు, మౌనం. గుసగుసలు కూడా పనికిరావు. సురభి గాయకుడికి బొంగురు వస్తే ఆ రాత్రి తమ్ముడు వేషం కట్టేవాడు, ఎందుకంటే తమ్ముడికీ ఆ పాఠం వచ్చు. కంట్రాక్టు గాయకుడు పాడకపోతే డబ్బు లేదు. రైల్లో నిద్ర లేకుండా పోయి, మరునాడు అదే గొంతుతో మరో ఊళ్ళో పాడాలి.

1937లో జిమిడిపేటలో పుట్టిన సురభి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఎన్నో ఒడిదుడుకులకు తట్టుకుని నిలిచింది. 1990లలో బి.వి. కారంత్‌గారు వచ్చి వారితో 'భీష్మ' వంటి కొత్త నాటకాలు చేయించారు. తరతరాల పాత పాఠం ఉన్న మనుషులకు కొత్త పాఠం చెప్పాలంటే వారితో కూర్చోవడానికి రోజులు కావాలి. ఆ రోజులు ఆయన ఇచ్చారు. ఆ మండలికి చెందిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

మన ఊరి సంగతి కూడా ఒక మాట. రాయబారం సీను పావుగంట, దానికి పన్నెండు ఆదివారాలు పిల్లల్ని బేస్‌మెంటులో కూర్చోబెట్టాలా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. పద్యం రికార్డు పంపిస్తే ఇంట్లోనే వల్లె వేయిస్తామంటున్నారు. అది కంట్రాక్టు పద్ధతి. పోయిన ఏడు అర్జునుడు కట్టిన కుర్రవాడు కృష్ణుణ్ణి బావా అని ఎందుకు పిలవాలని అడిగాడు. వాడికి తెలిసిన మగవాళ్ళంతా అంకుల్సే. సుభద్ర ఎవరు, మేనరికం ఏమిటి అని చెప్పేసరికి హార్మోనియం ఆగింది, పకోడీలు చల్లారాయి, ఒక గంట పోయింది. తరువాత వాడు పలికిన బావా వేరుగా ఉంది. ఆ గంట రికార్డులో పట్టదు.

కనుక ఈసారీ ఆదివారం మధ్యాహ్నాలే పెట్టుకుందాం. హార్మోనియం శ్రుతి పిల్లల గొంతుకు తగ్గిస్తాం. జలుబు చేసిన పిల్లల్ని కూడా తీసుకురండి. వారు పాడనక్కరలేదు, కూర్చుని వింటారు.