గోల్కొండ బడీ బావులి



ధర్మపురి, హోసూరు ప్రాంతాల తెలుగువారికి రాతికట్టు బావి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మెట్ట సీమలో చెరువు ఎండితే బావే దిక్కు. కపిల తోలి మడి పారించిన పెద్దల మాటల్లో ఆ బావులు ఇంకా ఉన్నాయి.

అటువంటి పాత బావిని తవ్వడం, ఇంటి పునాదిని తవ్వడంలాంటిది కాదు. పైపైన దొరికేవి చెత్త, ఇటుక ముక్కలు, ఊడిపడిన గోడ రాళ్లు. అవి జనం బావిని వదిలేసిన కాలానివి. అట్టడుగు ఒండ్రులోని కుండ పెంకులు మాత్రం నీళ్లు తోడుతుండగా చేయి జారినవి. బావి బతికి ఉన్ననాటివి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే తవ్వేవారి నేర్పు. తీరా అడుగుకు చేరేసరికి ఊట మొదలవుతుంది. నీరు తోడుతూనే తవ్వాలి. గోడ మీద పడుతుందేమోనన్న భయం సరేసరి.

ఆ భయం ఉత్తది కాదని గోల్కొండలో తేలింది. కోటకు దగ్గరలోనే కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులున్నాయి. 1518 నుంచి 1687 వరకు ఏలిన వంశమది. ఆ తోటలకు నీరిచ్చిన మెట్లబావుల్లో పెద్దది బడీ బావులి. 2013 వానలకు దాని గోడ ఒకవైపు కూలి బావిలో పడింది.

నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన గోడ ఒక్క వానాకాలానికి ఎందుకు పడుతుంది? రాళ్ల మధ్య సున్నం ఏళ్ల తరబడి కరిగిపోతుంది. సందుల్లో రావి మొక్క వేరు పెడుతుంది. వాన కురిసినప్పుడు గోడ వెనుక మట్టి నీరు తాగి బరువెక్కుతుంది. బావిలో నీరు నిండుగా ఉంటే కొంత ఎదురు నిలుస్తుంది. ఖాళీ బావి గోడకు ఆ ఆసరా కూడా లేదు. పాత బావులన్నిటికీ పొంచి ఉన్న ముప్పు ఇదే. వాడని బావే ముందు కూలుతుందని మన పల్లెల్లో ఎరుగని వారెవరు?

ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆ పని చేపట్టింది. నీరు తోడారు, పూడిక తీశారు, కూలిన రాళ్లను పైకి చేర్చి సున్నంతో గోడ తిరిగి లేపారు. సిమెంటు పూసేస్తే త్వరగా అయ్యేది కదా అనవచ్చు. సిమెంటు బిగుసుకుని వెనుక తేమను బయటికి రానివ్వదు, సున్నం రానిస్తుంది. నా మటుకు ఆ ఓపికే ఇందులో మెచ్చదగినది.

2022లో గోల్కొండ మెట్లబావుల పరిరక్షణకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. ఆ ఏడాది డిసెంబరులోనే సికింద్రాబాద్‌లో, ఒకప్పుడు చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని కూడా బాగుచేసి ప్రజలకు తెరిచారు.

బడీ బావులిలో ఇప్పుడు వాన నీరు నిలుస్తోంది. ఆ నీటినే తోడి సమాధుల చుట్టూ ఉన్న చెట్లకు పెడుతున్నారు.