64 పేజీల నీతి

2000 జులైలో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇంధన సంస్థ ఎన్రాన్ ఉద్యోగుల చేతికి 64 పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. నీతి నియమావళి. ముందుమాట రాసింది ఛైర్మన్ కెన్నెత్ లే. గౌరవం, నిజాయితీ అంటూ విలువల పేర్లు. చదివాం, పాటిస్తాం అని సంతకం పెట్టి ఇచ్చారు వాళ్లు. మనసారా నమ్మారు కూడా.

ఎందుకు నమ్మరు? ఫార్చ్యూన్ పత్రిక వరుసగా ఆరేళ్లు ఆకాశానికెత్తిన సంస్థ అది. గాలిమరల కంపెనీ కొన్నది, క్యోటో వాతావరణ ఒప్పందానికి మద్దతు పలికింది. బుష్ కుటుంబంతో కెన్నెత్ లేకు చిరకాల స్నేహం. జార్జి డబ్ల్యూ బుష్ ఎన్నికలకు ఎన్రాన్ విరాళాలు ధారాళంగా వెళ్లాయి. మన దేశంలో మహారాష్ట్రలోని దాభోల్ విద్యుత్ కేంద్రం కోసం ఢిల్లీ నుంచి ముంబై దాకా తలుపులన్నీ తెరిపించుకుంది. చివరికి అక్కడి కరెంటు ధర భరించలేక 2001 మేలో మహారాష్ట్ర విద్యుత్ బోర్డు కొనుగోలు ఆపేసింది.

ఇక లెక్కల సంగతి. 1996 నుంచి 1999 వరకు వాటాదారులకు చూపింది 230 కోట్ల డాలర్ల లాభం. అవే ఏళ్లకు పన్నుల శాఖకు చూపింది నష్టం. ఆ నాలుగేళ్లూ ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టలేదు. కేమన్ దీవుల్లో వందలకొద్దీ అనుబంధ సంస్థలు. పన్నుల విభాగాన్నే లాభాలు పండించే విభాగంగా నడిపారు. బడికి, రోడ్డుకు చేరాల్సిన సొమ్మును మిగుల్చుకోవడమే ప్రతిభ అనుకున్న సంస్థకు బాధ్యత గురించి మాట్లాడే హక్కెక్కడిది?

అంతకన్నా గుండె కోసే విషయం మరొకటి. ఆర్థికాధికారి ఆండ్రూ ఫాస్టో సొంత భాగస్వామ్యాలు నడుపుకోవడానికి బోర్డు ఆ నీతి నియమావళినే పక్కన పెట్టింది. కంపెనీ అప్పులు దాగింది ఆ భాగస్వామ్యాల చాటునే. చిన్న గుమాస్తా సంతకానికి ఉన్న కట్టుబాటు పెద్దాయనకు లేకపోయింది.

2000 ఆగస్టులో 90 డాలర్లు పలికిన షేరు 2001 నవంబర్ చివరికి డాలరు లోపుకు జారింది. 2001 డిసెంబర్ 2న దివాలా పిటిషన్. మర్నాడే దాదాపు 4,000 మందికి ఉద్వాసన. బల్లమీది ఫొటోలు, కాగితాలు అట్టపెట్టెల్లో సర్దుకుని కంపెనీ అద్దాల మేడ దిగిపోయారు. విశ్రాంత జీవితానికని దాచుకున్నదాంట్లో సగానికి పైగా కంపెనీ షేర్లే కావడంతో అదీ కరిగిపోయింది.

2006 మేలో మోసం కేసులో లే దోషిగా తేలాడు. శిక్ష పడకముందే జులైలో గుండె ఆగి చనిపోయాడు. అప్పీలుకు అవకాశం లేనందున ఆ తీర్పును కోర్టు రద్దు చేసింది. ఉద్యోగులకు మాత్రం పోయినదాంట్లో చిన్న ముక్కే తిరిగి దక్కింది.